గాల్లో తేలే మెట్లు: గోడ మూసేలోపు తేల్చుకోవాల్సిన కొలతలు, లెక్కలు, పని క్రమం

ఫ్లోటింగ్ మెట్లు బయటికి ఎంత తేలిగ్గా కనిపిస్తాయో, గోడ లోపల అంత బరువైన పని అడుగుతాయి. కింద స్లాబ్ ఉండదు, పక్కన దూలం కనిపించదు. ఎక్కే మనిషి బరువంతా ఒక్క వైపు నుంచే గోడలోకి పోవాలి. అందుకే ఈ పనిలో మెట్టు టేకుదా, గ్రానైట్‌దా అన్నది చివరి ప్రశ్న. గోడలో ఏముంది, ఆ బరువు చివరికి ఏ బీము మీదికి దిగుతుంది అన్నదే మొదటి ప్రశ్న. చాలామంది ఫోటో చూసి ముందు మెట్టు ఎంచుకుంటారు, గోడ కట్టేశాక వెల్డర్‌ని పిలుస్తారు. అప్పటికి మంచి దారులు సగం మూసుకుపోయి ఉంటాయి.

ఇక్కడి వివరాలన్నీ తెలుగు రాష్ట్రాల్లో మామూలుగా కట్టే డ్యూప్లెక్స్ ఇంటికి సంబంధించినవి: కాంక్రీట్ పిల్లర్లు, బీములు, మధ్యలో ఎర్ర ఇటుక, సిమెంటు ఇటుక లేదా ఏఏసీ (గాలి బుడగలతో చేసిన తేలిక సిమెంటు) బ్లాకుల గోడ. అంకెలు ఒక నమూనా ఇంటివి. మీ ఇంటికి స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క వేసి, డ్రాయింగు మీద సంతకం పెట్టాకే ఇనుము కొనండి.

ముందు గోడ సంగతి

మన ఇళ్లలో ఇటుక గోడ బరువు మోసే గోడ కాదు, పిల్లర్ల మధ్య ఖాళీని మూసే గోడ. 9 అంగుళాల గోడలో 8 అంగుళాల లోతు రంధ్రం చేసి, పైపు దూర్చి, సిమెంటు కూరి, దాని మీద మెట్టు వేసే పద్ధతి ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. ఆ రంధ్రంలో ఏం జరుగుతుందో చూడండి. గోడకు మీటరు దూరంలో, మెట్టు చివర 130 కిలోల బరువు పడిందనుకుందాం. గోడ లోపల ఆ పైపును పట్టి ఉంచే రెండు బిందువుల మధ్య దూరం 130 మిల్లీమీటర్లకు మించదు. అంటే పైపు వెనక కొస పైనున్న ఇటుకలను దాదాపు ఒక టన్ను బలంతో పైకి ఎత్తుతుంది, ముందు అంచు దగ్గర అంతకంటే కాస్త ఎక్కువ బలం ఇటుకను కిందికి నలుపుతుంది. కొన్ని వారాలు బాగానే ఉంటుంది. తర్వాత ముందు అంచు దగ్గర గచ్చు పొడి రాలుతుంది, పైపు వదులవుతుంది, మెట్టు ఊగుతుంది. ఏఏసీ బ్లాకు ఇటుక కంటే మెత్తన కాబట్టి దానిలో ఇది ఇంకా త్వరగా వస్తుంది. ఇటుక గోడైనా, బ్లాకు గోడైనా విడి మెట్లను గుచ్చవద్దు.

మిగిలిన దారులు మూడు.

గోడ పక్కన వాలుగా ఒక బలమైన ఇనుప బాక్స్ పైపు (స్ట్రింగర్) పెట్టి, దాని రెండు కొసలను కాంక్రీటు బీములకు బిగించి, దాని నుంచి ఒక్కో మెట్టుకు బ్రాకెట్లు బయటికి తీసి, స్ట్రింగర్‌ను బోర్డుతో మూసేయడం మొదటిది. కట్టిన ఇంటికీ, కొత్త ఇంటికీ పనికొస్తుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

కొత్తగా కట్టే ఇల్లయితే ఆ గోడనే 200 మి.మీ. కాంక్రీటు గోడగా పోసి, దానిలోంచే మెట్లు తీయడం రెండోది.

మెట్ల కింద మధ్యలో ఒకే దూలం కనిపించేలా పెట్టడం మూడోది. ఇది పూర్తిగా తేలినట్టు ఉండదు కానీ బరువు రెండు వైపులా సమంగా పడుతుంది కాబట్టి మెలి తక్కువ, లెక్క సులువు. పక్కన గోడే లేని హాలు మధ్యలో మెట్లు కావాలంటే ఇదే సరైనది. గోడ లేనిచోట మొదటి పద్ధతి కోసం పట్టుబట్టవద్దు.

కొలతలు

కింది అంతస్తు టైలు పై ముఖం నుంచి పై అంతస్తు టైలు పై ముఖం వరకు కొలవాలి. స్లాబు నుంచి స్లాబుకు కాదు. టైలు కింద మాలు పరుపుతో కలిపి కింద 70 మి.మీ., పైన 45 మి.మీ. పెరుగుతుందనుకోండి. స్లాబు లెక్కతో మెట్లు బిగిస్తే, 175 ఉండాల్సిన మొదటి మెట్టు ఎత్తు 105కు పడిపోతుంది, చివరిది 220కి లేస్తుంది. మనిషి కాలు రెండు మెట్లు ఎక్కేసరికి ఎత్తును గుర్తుపెట్టుకుంటుంది. చివరి మెట్టు దగ్గర తట్టుకుని పడేది అందుకే. ఏ రెండు మెట్ల మధ్యా 5 మి.మీ.కు మించి తేడా రానివ్వకండి.

నమూనా ఇంట్లో ఈ ఎత్తు 3,150 మి.మీ. దాన్ని 18 భాగాలు చేస్తే ఒక్కో రైజర్ (మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎత్తు) 175. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకు రైజర్ 190 మించకూడదని, ట్రెడ్ (అడుగు పెట్టే చోటి లోతు) 250కి తగ్గకూడదని చెబుతుంది. హాయిగా ఎక్కాలంటే రెండు రైజర్లు, ఒక ట్రెడ్ కలిపి 600 నుంచి 640 మధ్య రావాలి. 175 రైజర్‌కు 270 ట్రెడ్ తీసుకుంటే మొత్తం 620. మెట్టు పలకను మాత్రం 300 లోతు చేసి, పై మెట్టు కింది మెట్టు మీదికి 30 మి.మీ. వచ్చేలా పెట్టాలి. దిగేటప్పుడు మడమకు చోటు దొరుకుతుంది. వెడల్పు గోడ ఫినిషింగ్ నుంచి 1,000 మి.మీ.

18 రైజర్లనూ ఒకే వరుసలో తేలించవద్దు. మొదటి 6 రైజర్లు మామూలు కాంక్రీటు మెట్లు, 1,050 ఎత్తులో ఒక చదరపు మీటరు ల్యాండింగ్, అక్కడ మలుపు తిరిగి మిగతా 12 రైజర్లు తేలే మెట్లు. ఈ అమరికలో లాభాలు చాలా. తేలే మెట్ల వరుస పొట్టిదవుతుంది కాబట్టి స్ట్రింగర్ తక్కువ మెలి తిరుగుతుంది. దాని కింది కొసకు ల్యాండింగ్ బీము రూపంలో గట్టి ఆధారం దొరుకుతుంది. పిల్లలు పరుగెత్తి తల కొట్టుకునేది ఎప్పుడూ కింది మెట్ల అంచులకే, అవి ఇప్పుడు మూసిన మెట్లు. 12 రైజర్లకు 11 మెట్లు, చివరి రైజర్ పై అంతస్తు మీదికే. అడ్డంగా 2,970, నిలువుగా 2,100, వాలు దాదాపు 33 డిగ్రీలు, వాలు పొడవు 3,640 మి.మీ.

వాస్తు ప్రకారం మెట్ల లెక్క బేసి రావాలనుకునే ఇళ్లలో ఆ మాట డ్రాయింగు గీసే ముందే అనుకోవాలి. ఈ నమూనాలో కింద 5 మెట్లు, ల్యాండింగ్, పైన 11, మొత్తం 17. ఎక్కేటప్పుడు కుడివైపు తిరగాలా అన్నది కూడా అప్పుడే తేల్చాలి. ఫ్రేము షెడ్డులో తయారయ్యాక ఒక మెట్టు కలపడం, తీసేయడం కుదరదు. మెట్టు మారితే రైజర్ మారుతుంది, రైజర్ మారితే వాలు మారుతుంది, స్ట్రింగర్ మళ్లీ కొనాలి.

తల ఎత్తు, అంటే మెట్టు పైనుంచి పైకప్పు అడుగు దాకా ఖాళీ, 2.2 మీటర్లు ఉండాలి. ఇక్కడ స్లాబును లెక్కపెట్టి బీమును మరిచిపోతారు. పై గచ్చుతో కలిపి బీము లోతు 500 అయితే, 3,150 నుంచి 500, 2,200 తీసేయగా మిగిలేది 450. అంటే మెట్టు మట్టం 450 దాటే చోటు నుంచి, మూడో మెట్టు నుంచే, పైన స్లాబు తెరిచి ఉండాలి. ల్యాండింగ్ మొత్తం తెరిచిన భాగం కిందికే రావాలి. పాత ఇంట్లో స్లాబు కోయాల్సి వస్తే, తెగిపోయే చువ్వల బరువు ఎక్కడికి పోవాలో ఇంజినీరు చెప్పి, ఆ అంచుకు కొత్త బీము పెట్టాకే కట్టర్ ఆన్ చేయాలి. ఉన్న బీమును కోయడం అనే మాటే వద్దు.

ఎంత బరువుకు, ఎంత ఇనుము

భవనాల మీద పడే బరువుల భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ఇళ్ల మెట్లకు చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల బరువు తీసుకోమంటుంది. అంటే సుమారు 300 కిలోలు. విడివిడిగా గోడలోంచి వచ్చే క్యాంటిలీవర్ (ఒక కొసనే ఆధారం ఉండే) మెట్లకు ఇంకో షరతు ఉంది: ఒక్కో మెట్టు కొసన 1.3 కిలోన్యూటన్లు, దాదాపు 130 కిలోలు, పెట్టినా తట్టుకోవాలి. మెట్టు విరగకుండా ఉండటానికి ఇది చాలు. ఊగకుండా ఉండటానికి చాలదు, దానికి వంపు లెక్క చూడాలి. 130 కిలోలకు కొస 3 మి.మీ. దాటి దిగితే ఎక్కేవాళ్లకు తెలుస్తుంది. 6 దాటితే పెద్దవాళ్లు ఆ మెట్లు ఎక్కడం మానేస్తారు.

మీటరు పొడవు బ్రాకెట్‌కు 50×50×4 పైపులు రెండు వాడితే ఆ బరువుకు కొస 4 మి.మీ. దిగుతుంది. అదే 80×40×4 పైపులు రెండు, 80 వైపు నిలువుగా పెడితే, 1.5 మి.మీ. మీటరుకు పెరిగే బరువు ఒక్కో పైపుకు 1.2 కిలోలే. లోతు పెరిగితే గట్టిదనం అంత వేగంగా పెరుగుతుంది. వెల్డర్ పైపును పడుకోబెట్టి అతికితే ఈ లాభమంతా పోతుంది కాబట్టి డ్రాయింగులో "80 నిలువుగా" అని పెద్దక్షరాలతో రాయండి.

ఇక స్ట్రింగర్. మెట్ల బరువు దాని ఒక పక్కనే పడుతుంది కాబట్టి అది వంగడం కంటే ఎక్కువగా, తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది. చానల్ లేదా ఐ-సెక్షన్ వంపుకు గట్టివే కానీ మెలికి చాలా బలహీనం. 200 చానల్‌తో పోలిస్తే 200×100×6 బాక్స్ పైపు మెలిని నూరు రెట్లకు పైగా గట్టిగా ఆపుతుంది. "మా దగ్గర చానల్ ఉంది, అదే బలం" అనే మాటకు ఒప్పుకోకండి. ఈ బాక్స్ పైపుతో, మధ్య మెట్టు కొసన 130 కిలోలు నిలిస్తే, మెలి వల్ల వచ్చే దిగుడు మరో 1 మి.మీ. పై బ్రాకెట్ వంపుతో కలిపి 3 లోపే ఆగుతుంది. స్ట్రింగర్ దారిలో కాంక్రీటు పిల్లర్ తగిలితే అక్కడ కూడా ఒక ప్లేటుతో పట్టించండి, ఆ ఒక్క బిగింపుతో మెలి బాగా తగ్గుతుంది.

ఒక చిక్కు కాగితం మీద కనబడదు, షెడ్డులో బయటపడుతుంది. ఒకే మెట్టుకు రెండు బ్రాకెట్లు ఒకే మట్టంలో ఉంటాయి, స్ట్రింగర్ మాత్రం వాలుగా ఉంటుంది. కాబట్టి ఒకటి పైపు పై అంచు వైపు, ఇంకొకటి కింది అంచు వైపు జరుగుతుంది. రెంటి మధ్య దూరం, నడుమ నుంచి నడుముకు, 150 మి.మీ. ఉంటే 200 ముఖంలో ఇరువైపులా 15 మి.మీ. చొప్పున చోటు మిగులుతుంది. 170 పెడితే మూలలు పైపు గుండ్రటి అంచు మీదికి పోయి, వెల్డింగ్ సరిగా కూర్చోదు.

సరుకు

- స్ట్రింగర్: 200×100×6 బాక్స్ పైపు, 4 మీటర్లు. మీటరు 27 కిలోలు.
- బ్రాకెట్లు: 80×40×4, 1,120 మి.మీ. ముక్కలు 22. ఆరు మీటర్ల పైపులో 5 ముక్కలు వస్తాయి కాబట్టి 5 పైపులు.
- ట్రెడ్ ప్లేట్లు: 6 మి.మీ. మందం, 290×980, పదకొండు.
- ఎండ్ ప్లేట్లు (స్ట్రింగర్ కొసలను బీములకు బిగించేవి): 16 మి.మీ. మందం, 300×250, రెండు.
- ఎం16 (16 మి.మీ. వ్యాసం) యాంకర్ రాడ్లు 12, వాటిని కాంక్రీటు రంధ్రంలో అతికే మందు, అంటే కెమికల్ యాంకర్ కార్ట్రిడ్జి, తగినంత.
- బ్రాకెట్ కొసలు మూయడానికి 4 మి.మీ. ముక్కలు, జింక్ ఎపాక్సీ ప్రైమర్, స్ట్రింగర్‌ను మూయడానికి జీఐ (జింక్ పూత ఇనుప) ఫ్రేము, 12 మి.మీ. సిమెంట్ బోర్డు.

ఫ్రేములోకి పోయే ఇనుము 450 కిలోల దగ్గర ఉంటుంది. ఫ్యాబ్రికేటర్లు కిలో లెక్కన ధర చెబుతారు కాబట్టి ఈ అంకె చేతిలో ఉంచుకోండి. పైపులు ఐఎస్ 4923 ముద్ర ఉన్నవే తీసుకోండి. మందాన్ని వెర్నియర్‌తో కొలవండి, 4 అని చెప్పి 3.2 పంపడం మామూలే. గేట్లకూ గ్రిల్స్‌కూ వాడే పలుచటి పైపు ఈ పనికి రాదు.

షెడ్డులో తయారీ

ముందుగా సైట్‌లో గోడ మీద మొత్తం మెట్లను అసలు కొలతతో గీయాలి. నీళ్ల గొట్టంతో గానీ లేజర్‌తో గానీ రెండు అంతస్తుల పూర్తి మట్టాలు గుర్తించి, ఒక పొడవాటి కర్ర మీద 175 చొప్పున గీతలు పెట్టి, ఆ కర్రతోనే గోడ మీదికి దింపాలి. టేపుతో ఒక్కో మెట్టును విడిగా కొలుస్తూ పోతే ప్రతిసారీ ఒక మిల్లీమీటరు తప్పినా చివరికి సెంటీమీటరవుతుంది. ఇనుప ప్లేటు పై మట్టం అంటే మెట్టు పూర్తయిన మట్టం కంటే 23 మి.మీ. కింద (గ్రానైట్ 20, అతికే పదార్థం 3), బ్రాకెట్ పైముఖం ఇంకో 6 కింద. టేకు వేస్తే ఈ అంకెలు మారతాయి. అందుకే పై పలక ఏదో ఇక్కడికి వచ్చేలోపు ఖాయం చేయాలి.

బ్రాకెట్‌ను స్ట్రింగర్ ముందు ముఖానికి ఊరికే ఆనించి అతికితే, 6 మి.మీ. రేకు ఆ చోట లోపలికీ బయటికీ శ్వాసిస్తుంది. మెట్టు మెత్తగా అనిపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. దానికి బదులు ముందు, వెనక ముఖాలు రెంటిలోనూ 80×40 గూడు కోసి, బ్రాకెట్‌ను ఇటు నుంచి అటు దాకా దూర్చి, రెండు వైపులా చుట్టూ అతకాలి. గూళ్లు ప్లాస్మాతో గానీ, మూలల్లో డ్రిల్ చేసి గ్రైండర్‌తో గానీ కోయండి. గ్యాస్ కటింగ్ వేడికి పైపు వంకర పోతుంది. సందు 2 మి.మీ. మించితే అతుకు రాడ్డుతో పూడ్చడమే అవుతుంది, బలం ఉండదు.

అన్ని బ్రాకెట్లనూ ముందు చుక్క అతుకులతో నిలబెట్టి, మట్టం, మూలమట్టం చూసుకున్నాక, పూర్తి వెల్డింగ్ ఒకటి విడిచి ఒకటి చేయాలి. ఒక కొస నుంచి వరుసగా పోతే వేడంతా ఒక పక్కే చేరి స్ట్రింగర్ విల్లులా వంగుతుంది. 7018 రకం వెల్డింగ్ రాడ్డు వాడించండి, అది పొడిగా ఉండాలి. వానాకాలంలో విప్పి పెట్టిన ప్యాకెట్ రాడ్డులు తేమ పీల్చి, అతుకులో సన్న బీటలు తెస్తాయి. బ్రాకెట్ కొసలను కొంచెం, 2 మి.మీ. మాత్రమే, పైకి ఉంచితే మెట్టు సొంత బరువు పడ్డాక సమంగా వస్తుంది. గ్రానైట్‌తో కలిపి ఒక్కో మెట్టు 50 కిలోల దగ్గర ఉంటుంది.

పెయింటు విషయంలో తొందర వద్దు. ఈ ఫ్రేము మూసేశాక మళ్లీ చూడలేం. గ్రైండర్‌తో తుప్పు పోయేదాకా రుద్ది, జింక్ ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేయాలి. రెడ్ ఆక్సైడ్ మీద ఆధారపడవద్దు, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో మరీ ముఖ్యంగా. పైపు కొసలన్నీ అతికి మూయాలి.

సైట్‌లో బిగింపు

కొత్త ఇల్లయితే ల్యాండింగ్ బీములో, పై బీములో కాంక్రీటు పోసే ముందే ప్లేట్లు కూర్చోబెట్టడం అన్నిటికన్నా గట్టిది. కట్టిన ఇంట్లో కెమికల్ యాంకర్లు. ఎం16 రాడ్డుకు 18 మి.మీ. రంధ్రం, ఇంజినీరు వేరే చెప్పకపోతే 125 నుంచి 150 లోతు. ముందు చువ్వలు ఎక్కడున్నాయో స్కానర్‌తో చూసి గుర్తు పెట్టండి. చువ్వ తగిలితే రంధ్రం జరపాలి, చువ్వను కోయకూడదు. రంధ్రంలో పొడిని పంపుతో ఊది, బ్రష్‌తో తోమి, మళ్లీ ఊదాలి. పొడి మిగిలితే మందు కాంక్రీటుకు కాక పొడికి అంటుకుంటుంది, లాగితే రాడ్డు ఊడొస్తుంది. మందును రంధ్రం అడుగు నుంచి నింపుకుంటూ వచ్చి, రాడ్డును తిప్పుతూ దూర్చి, ప్యాకెట్ మీద ఆ వేడికి రాసిన సమయం అయ్యేదాకా తాకకూడదు.

ఎండ్ ప్లేటు మీద పడేది కిందికి లాగే బరువు ఒక్కటే కాదు. రెండు కొసల్లోనూ మెలి ఉంటుంది, పై బీము కూడా ఆ మెలిని మోస్తుంది. కొస వీలైనంతవరకు పిల్లర్ దగ్గరికి వచ్చేలా డిజైన్ చేయించండి.

ఫ్రేమును ఎత్తి, కింద పోల్స్ పెట్టి, మట్టాలు చూసుకుని, ప్లేటు వెనక సందును కుంచించుకోని గ్రౌట్‌తో నింపాలి. అది గట్టిపడ్డాకే నట్లు పూర్తిగా బిగించి, పోల్స్ తీయాలి. స్ట్రింగర్ 100, దాని ముందు ఫ్రేము, బోర్డు, ఫినిషింగ్ 40, మొత్తం గోడ 140 మి.మీ. ముందుకొస్తుంది. హాలు కొలత అంత తగ్గుతుందని ముందే లెక్కలో పెట్టుకోండి.

మూసే ముందు బరువు పరీక్ష

దీన్ని వదిలేయడం ఒప్పుకోవద్దు. సిమెంటు బస్తాలు నాలుగు, మొత్తం 200 కిలోలు, మెట్టు బయటి కొసన అడ్డంగా పేర్చండి. బస్తా వెడల్పు వల్ల బరువు నడుమ కొసకు సుమారు 225 మి.మీ. లోపలే ఉంటుంది, అయినా గోడ దగ్గర పడే బలం కొసన 130 కిలోలు పెట్టినదానికంటే ఎక్కువే. కింద కొంచెం ఎడంగా పోల్ ఒకటి ఉంచి, డయల్ గేజ్‌తో గానీ నేల నుంచి పెట్టిన కొలబద్దతో గానీ కొస దిగుడు చూడాలి. ఒక రోజు ఉంచి, బస్తాలు దింపి మళ్లీ కొలవాలి.

3 మి.మీ. దగ్గర దిగి, తీసేయగానే మొదటి చోటికి వస్తే ఫ్రేము బాగుంది. 5 దాటితే ఆగి కారణం వెతకండి. అన్ని మెట్లూ ఒకేలా ఎక్కువ దిగితే స్ట్రింగర్ గానీ ఎండ్ ప్లేటు గానీ చాలడం లేదు. ఒక్క మెట్టే ఎక్కువ దిగితే ఆ మెట్టు అతుకు చూడాలి. బరువు తీసినా ఒక మిల్లీమీటరు వెనక్కి రాకపోతే ఏదో జారింది, చాలాసార్లు యాంకరే. 11 మెట్లనూ పరీక్షించండి. ఆ తర్వాత కొలతలు కనిపించేలా ఫ్రేము పక్కనే టేపు పరిచి మొత్తం ఫోటోలు తీసి ఇంటి కాగితాలతో దాచండి. రేపు టీవీ బిగించేవారు ఎక్కడ డ్రిల్ చేయాలో వాటిలో తెలుస్తుంది. లైట్ల వైర్లు, పైపులు ఉంటే ఇప్పుడే లాగాలి. ఎల్ఈడీ డ్రైవర్ మాత్రం గోడలో మూయవద్దు, తీయగలిగే చోట పెట్టండి.

కాంక్రీటు గోడతో చేస్తే

కొత్త ఇంట్లో, సెంట్రింగ్ పని బాగా తెలిసిన మేస్త్రీ దొరికితే ఇది చవకైనది, శబ్దం లేనిది. రెండు తప్పులు మాత్రం దీన్ని పాడుచేస్తాయి. ఒకటి, అలవాటుగా చువ్వలను కింద కట్టడం. క్యాంటిలీవర్ మెట్టుకు లాగుడు పైభాగంలో ఉంటుంది, అసలు చువ్వలు పైనే ఉండాలి. పోసేటప్పుడు కూలీలు తొక్కి కిందికి నొక్కేయకుండా చూడాలి. రెండు, చువ్వ గోడలోకి చాలినంత పోకపోవడం. ఎం25 గ్రేడు కాంక్రీటులో ఎఫ్ఈ 500 గ్రేడు చువ్వకు దాని వ్యాసానికి 49 రెట్ల పట్టు పొడవు కావాలి, 10 మి.మీ. చువ్వకు 490. 200 గోడలో అది అడ్డంగా పట్టదు కాబట్టి వెనక ముఖం దాకా తీసుకెళ్లి గోడ వెంట కిందికి వంచాలి. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456లో క్యాంటిలీవర్‌కు పొడవు, లోతుల నిష్పత్తి మొదటి విలువ 7. మీటరు మెట్టుకు అది 140 దాకా లోతు అడుగుతుంది. గోడ దగ్గర 150, కొసన 100 ఉండేలా అడుగు భాగాన్ని ఏటవాలు చేస్తే చూడ్డానికీ పలుచగా ఉంటుంది. పోల్స్ 21 రోజులు కదపవద్దు.

పై పలకలు

గ్రానైట్ గట్టిదే కానీ వంగదు, విరుగుతుంది. అందుకే ప్లేటు మీద పూర్తిగా కూర్చోవాలి, గాల్లో ఎక్కడా వేలాడకూడదు. ఇనుముకూ రాయికీ మధ్య సిమెంటు మాలు పట్టదు, కాస్త సాగే పీయూ (పాలీయురేథేన్) అంటు వాడాలి. చీమకుర్తి గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ రెండూ మెట్లకు బాగుంటాయి, అద్దంలాంటి పాలిష్‌తో మాత్రం వద్దు. తడి కాలికి జారుతుంది. లెదర్ ఫినిష్ తీసుకోండి, లేదా అంచున రెండు గాడులు కోయించండి.

టేకు అయితే 40 మి.మీ. పైపలక, పక్కలు, అడుగు కలిపి ఒక పెట్టెలా చేసి బ్రాకెట్ల మీదికి తొడిగి, కింది నుంచి మరలు బిగించాలి. ఈ పద్ధతిలో ఇనుప ప్లేటు అక్కర్లేదు, రెండు బ్రాకెట్లనూ కలిపే అడ్డపట్టీలు రెండు చాలు. చెక్క తేమ 12 శాతం దగ్గర ఉండాలి. వానల్లో ఉబ్బి, వేసవిలో తగ్గుతుంది కాబట్టి మరల రంధ్రాలు పొడవుగా చేయాలి. గట్టిగా అతికేస్తే మొదటి వేసవికే చీలుతుంది.

మెట్టు మందం ఇలా 120 నుంచి 130 వస్తుంది. రెండు మెట్ల మధ్య ఖాళీ 45 నుంచి 55 మి.మీ. ఫోటోల్లో చూసేంత పలుచగా లేదని కొందరికి అనిపిస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ ఖాళీ 100 దాటకపోవడమే మేలు, చీర కుచ్చిళ్లకూ అదే మంచిది.

మెట్టు గోడను కలిసే చోట చుట్టూ 6 మి.మీ. సందు వదిలి, సాగే సీలెంట్‌తో నింపండి. పుట్టీ, గచ్చు పెడితే మొదటి నెలలోనే సన్నగీత బీట వస్తుంది. మెట్టు కొద్దిగా కదలడం సహజం, గోడ మాత్రం కదలదు.

రెయిలింగ్

ఎత్తు ట్రెడ్ మధ్య నుంచి 1,000 మి.మీ. గాజు పెడితే రెండు టఫెన్డ్ గాజులు అతికిన లామినేటెడ్ రకమే వాడండి. ఒంటి టఫెన్డ్ గాజు పగిలితే ఒక్కసారిగా రాలిపోతుంది, అంచున ఏమీ మిగలదు. ఒకే గాజు పలకను మూడు నాలుగు మెట్ల కొసలకు బోల్టు చేసినప్పుడు, ఒక మెట్టు 3 మి.మీ. దిగితే పక్క మెట్టు దిగదు. ఆ తేడా గాజు రంధ్రం మీద పడుతుంది. నైలాన్ బుష్, రబ్బరు వాషర్ లేకుండా ఇనుమును గాజుకు తాకనివ్వకండి.

గాజు వద్దనుకుంటే, మెట్టు కొస నుంచి పై బీము దాకా నిలువు స్టీలు రాడ్లు మంచి మార్గం. అవి రెయిలింగూ అవుతాయి, కొసలను పట్టుకుని ఊగుడునూ తగ్గిస్తాయి. రాడ్ల మధ్య ఖాళీ 100 మించకూడదు. స్టీలు 304 గ్రేడు, తీరప్రాంతంలో 316. బజారులో 202ను 304 పేరుతో అమ్ముతారు. అయస్కాంతం ఈ రెంటికీ తేడా చెప్పదు, గ్రేడు తేల్చే చుక్కమందు పరీక్ష అడగండి. పెద్దవాళ్లున్న ఇంట్లో గోడ వైపున కూడా ఒక చేతిపట్టీ పెట్టించండి. దాని ఆధారాలను సిమెంట్ బోర్డుకు కాక వెనకున్న జీఐ ఫ్రేముకు అందేలా, బోర్డు మూసే ముందే అక్కడ అదనపు పట్టీలు వేయించాలి.

వాడుకలోకి వచ్చాక

మొదటి వానాకాలం, మొదటి వేసవి గడిచాక ఒకసారి అన్ని మెట్లనూ కొసన నిలబడి చూడండి. కిర్రుమనే శబ్దం ఎక్కువగా చెక్క పెట్టెకూ బ్రాకెట్‌కూ మధ్య రాపిడి. మరలు తీసి, మధ్యలో పలుచటి రబ్బరు పట్టీ పెడితే పోతుంది. "టక్" అని ఒక్కసారి వినిపించే శబ్దం వేరు, అది నట్టో యాంకరో సర్దుకున్న శబ్దం. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దీనికోసమే ఎండ్ ప్లేట్ల దగ్గర బోర్డులో తీయగలిగే చిన్న తలుపు రెండు చోట్లా ముందే పెట్టించుకోవాలి. ఏడాదికోసారి అక్కడి నట్లను టార్క్ రెంచ్‌తో చూసి, ప్లేటు అంచున తుప్పు మరక ఉందేమో గమనించాలి. ఒక మెట్టు మాత్రమే మునుపటికంటే మెత్తగా అనిపిస్తే ఆ మెట్టు వాడకం ఆపి, పాత పరీక్ష కొలతలతో పోల్చడానికి అదే నాలుగు బస్తాల పరీక్ష మళ్లీ చేయించండి.